మూడో గడిలో నేనే

జూలై నెల, రెండో ఆదివారం, ఉదయం పదిన్నర.

హాజరైనవారు: చెరకు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా రిటైరైన నేను, నా భార్య రత్నమ్మ, కోడలు స్వప్న, మనవరాలు చిన్ని, చిన్నికి నేర్పడానికి చిరాగ్‌పల్లి నుంచి ఆటోలో వచ్చే షాహీన్ టీచరు, పల్లిపట్టీల డబ్బా. మా అబ్బాయి డ్యూటీలో ఉన్నాడు. అదృష్టవంతుడు.

ఆ రోజు నలుగురిలో నా పరువు పోయింది. ఎవరో తీశారని అనుకునేరు. నేనే అద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, పైకి చదివి మరీ తీసుకున్నాను.

చిన్నికి ఐదేళ్లు. ఇంకా మాటలు రాలేదు. ఏం కావాలన్నా అరుస్తుంది. ఆ అరుపు వింటే బొంబాయి హైవే మీద లారీలు హారన్ కొట్టడానికి మొహమాటపడతాయని మా వీధిలో ప్రతీతి. అరవడం బదులు అడగడం నేర్పాలని షాహీన్ మా గోడకు బొమ్మ కార్డులు అంటించింది. ఒకదాని మీద పల్లిపట్టీ, ఒకదాని మీద నీళ్లు, ఇంకోదాని మీద ఎత్తిన అరచేయి. ఆ అరచేయికి అర్థం "చాలు".

"జర యాది పెట్టుకోండ్రి సార్. కార్డు చేతుల పెడితే రెప్ప కొట్టేలోపు ఇయ్యాలె. అరిస్తే మాత్రం ఇయ్యొద్దు. ముందుగాల ఏమైంది, పాప ఏం చేసింది, తర్వాత ఏమైంది, మూడు గడులల్ల రాయాలె" అంది.

రాయడమా! నలభై ఏళ్లుగా రోజూ డైరీ రాస్తున్న మనిషితో అనవలసిన మాటేనా అది? ఎలుగుబంటికి తేనెపట్టు చూపించినట్టయింది. కొత్త డైరీ తీసి స్కేలుతో గడులు గీశాను. నియమాన్ని మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసుకున్నాను. ఆ పుస్తకాన్ని ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

నాలుగు వారాలకు అరుపులు తగ్గకపోగా పెరిగాయి. తీర్పు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆ ఆదివారం షాహీన్ తడిసిన గొడుగు మూలన పెట్టకముందే మొదలుపెట్టాను.

"టీచరమ్మా, మీ పద్ధతి పనిచేస్తలేదు. ఇయ్యాల్టితోని బంద్ చేద్దాం."

స్వప్న కళ్లలో నీళ్లు తిరిగాయి. "మామా, ఈమె గూడ రాకపోతే పిల్లకు ఎవరు నేర్పుతరు? ఊళ్లె ఇంకెవరున్నరు?"

"ఉత్తగ అంటలేనమ్మా. రికార్డుంది."

పుస్తకం తెరిచాను. "సోమవారం. ముందు: నేను పేపరు చదువుతున్నాను. పాప: అరిచింది. తర్వాత: పల్లిపట్టీ ఇచ్చాను. శాంతించింది."

షాహీన్ మెల్లగా కూర్చుంది. "ఇంకోటి చదువుండ్రి సార్."

"మంగళవారం. ముందు: నేను కునుకు తీస్తున్నాను. పాప: అరిచింది. తర్వాత: పల్లిపట్టీ ఇచ్చాను. శాంతించింది."

"ఇంకోటి."

"బుధవారం..." ఇక్కడ నా గొంతు కాస్త సన్నబడింది. "ముందు: పేపరు. పాప: అరిచి, నా చెప్పును వీధిలోకి విసిరింది. తర్వాత: రెండు పల్లిపట్టీలు."

"రెండెందుకు మామా?" అంది స్వప్న.

"చెప్పు... కొత్తది."

గురువింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నాకు తెలుసు. తేదీ వేసి రాసుకున్నాను కూడా.

రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షాహీన్ మాత్రం నవ్వలేదు. "పాప అరిస్తే మీరిస్తున్రు. మీరిస్తే పాప ఊకుంటుంది. పాపకు మీరు నేర్పిన్రు సార్, మీకు పాప నేర్పింది."

"నలభై ఏండ్లకెల్లి నేను దారికి తేలేని మనిషిని నాలుగు వారాలల్ల తెచ్చింది! టీచరంటే గిదే!" అంది రత్నమ్మ.

మీరూ నవ్వండి. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను. నియమం తెలియక కాదు కదా. నా పేపరుకు, నా కునుకుకు అడ్డు రాకూడదని పిల్ల నాలుగు వారాల చదువు పాడుచేశాను. ఆ తప్పు తీసుకెళ్లి వానలో ఆటో ఎక్కి వచ్చే అమ్మాయి నెత్తిన పెట్టాను.

"మాఫ్ చెయ్యమ్మా. నువ్వు రావుడు బంద్ చెయ్యకు" అన్నాను.

"వస్త సార్, ఫికర్ చెయ్యకుండ్రి. మీరు రాసుడు బంద్ చెయ్యకుండ్రి. గట్ల ఉన్నదున్నట్టు రాసెటోళ్లు దొరకరు."

తిట్టి ఉంటే ఇంకాస్త సుఖంగా ఉండేది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు పేపరు విప్పగానే చిన్ని వచ్చి అరిచింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అరుపు పెరిగింది. ఒక చెప్పు వీధిలోకి పోయింది. దాని జతా పోయింది. చివరికి పిల్ల నన్ను చెడిపోయిన కాటాను చూసినట్టు చూసి, గోడ దగ్గరికి నడిచి, పల్లిపట్టీ కార్డు పీకి తెచ్చి నా చేతిలో పెట్టింది.

రెప్ప కొట్టేలోపు ఇచ్చాను. ఆపైన ఆనందం పట్టలేకపోయాను. "శభాష్ బిడ్డా! బంగారు తల్లీ! అడగనేర్చినవు! మన ఇంట్ల..." అంటూ రిటైర్మెంటు సభలో కూడా చెయ్యనంత పెద్ద ప్రసంగం ఎత్తుకున్నాను. చిన్ని నములుతూ కాసేపు విన్నది. మళ్లీ గోడ దగ్గరికి వెళ్లింది. ఇంకో కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఎత్తిన అరచేయి.

రెప్ప కొట్టేలోపు నోరు మూసుకున్నాను.

ఆ పూటే డైరీలో శపథం రాశాను: "అరుపుకు పల్లిపట్టీ ఇవ్వను. నా డైరీ నేను చదవకుండా పరుల తప్పు ఎంచను. చాలు అన్నాక శభాష్ అనను." సాక్షి సంతకానికి పుస్తకం రత్నమ్మ ముందు పెట్టాను.

సంతకం పెడుతూ అంది: "ఆ చాలు కార్డు ఇంకోటి చేసియ్యమని టీచరుకు చెప్పు. నాకు గూడ గావాలె."