రాక్కమ్మాళ్ అత్త బెత్తం

మా రాక్కమ్మాళ్ అత్తకు నెమ్మది అనే మాటే గిట్టదు. కళుగుమలై పక్కన నల్లరేగడి పొలాలున్న ఇంట్లో పుట్టి, చిన్నతనంలోనే మొగుణ్ణి పోగొట్టుకుని, సేద్యమంతా ఒంటిచేత్తో నడిపిన మనిషి. ఎద్దుబండి ఎక్కితే చేతిలో బెత్తం ఉండాల్సిందే. అది ఎద్దులకు కాదు, బండి తోలే చెల్లసామికి. కుడి భుజం తడితే కుడికి, ఎడమ భుజం తడితే ఎడమకు, వీపు మీద తడితే ఆపెయ్యాలి. ఆ బెత్తం మాట చెల్లసామి ఒక్కనాడూ జవదాటలేదు.

పందొమ్మిది వందల ముప్ఫైల్లో ఒక ఏడు పత్తి విరగపండింది. అత్త మోటారు కారు కొనేసింది. చెల్లసామిని కోవిల్‌పట్టిలో ఒక మెకానిక్ దగ్గరికి పంపి కారు తోలడం నేర్పించింది. ఎద్దులు పోయాయి గానీ బెత్తం పోలేదు.

విరుదునగర్‌లో చుట్టాల పెళ్ళి. అత్త తమ్ముడు పొన్నుసామి రైల్లో బయల్దేరుతూ, "అక్కా, నీ కారు రైలును ఎప్పటికీ ముట్టలేదు" అని ఉడికించాడు. ఇంకేముంది, అత్త నన్ను కారులో కుక్కి "పోనియ్‌రా" అంది.

కోవిల్‌పట్టి దాటాక రైలు మా పక్కకు వచ్చింది. కిటికీలోంచి పొన్నుసామి మామ తువ్వాలు ఊపుతున్నాడు. నా తలలో పూలు ఎక్కడికో ఎగిరిపోయాయి. నవ్వీ నవ్వీ నాకు కళ్ళలో నీళ్ళు. అత్త ముసలితనం మరిచి ఈల వేసింది. మేం ఇంజనును దాటేశాం.

అప్పుడే ఢామ్మని ముందు ఎడమ టైరు పేలింది. కారు ఎడమకు గుంజుకుపోతోంది. అటు పక్క రాళ్ళు తేలిన వాగు. అత్త బెత్తం చెల్లసామి వీపు మీద పడింది. ఆపమని. అతను ఆపలేదు. మళ్ళీ పడింది, ఈసారి గట్టిగా.

"ఇప్పుడు బ్రేకు తొక్కితే తిరగబడుద్దమ్మా. కొట్టండి, నేను తొక్కను," అన్నాడు చెల్లసామి.

రెండు చేతులా స్టీరింగు బిగబట్టి నేరుగా ఉంచాడు. యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా ఎత్తేశాడు. కారు గతుక్కు గతుక్కుమంటూ వాగులో పడకుండా పక్కనుంచి ముందుకు పోయి, వేగం చచ్చి, రోడ్డు పక్కకు చేరి తనంతట తానే నిలిచింది. రైలు కూత వేసుకుంటూ పోయింది.

చెల్లసామి స్టీరింగు వదల్లేకపోతున్నాడు. "మీ మాట కాదన్నాను. రేపట్నుంచి పనికి రావద్దా అమ్మా?"

అత్త బెత్తంతోనే దిగి, వెనక్కి నడిచి, వాగులోని రాళ్ళను చూసింది. మైలురాయి మీద కూలబడి, పగలబడి నవ్వింది. నాకు భయమూ నవ్వూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"ఓరే, బయంలో నేను సంపబోయినాను, నువ్వు బతికించినావు. పో, టైరు మార్చు," అంది.

టైరు మార్చి బయల్దేరాం. బెత్తం మైలురాయి దగ్గరే ఉండిపోయింది.

"అత్తా, బెత్తం మరిచిపోయినావు."

"మరవలేదులేవే," అంది.

సాత్తూరులో దోవ చీలింది. చెల్లసామి భుజాలు అలవాటు కొద్దీ కాస్త పైకి లేచి తట్టు కోసం ఎదురు చూశాయి. "అమ్మా, కుడికా, ఎడమకా?"

"ప్రానం నీ చేతిలో పెట్టి కూసోనుండాము. దోవ కూడా నువ్వే సూడరా," అంది అత్త.

చెల్లసామి మురిసిపోయి కుడికి తిప్పాడు. అది విరుదునగర్ దోవ కాదు, అరుప్పుకోట్టై దోవ. ఆ సంగతి అత్తకు బాగా తెలుసు. నా చెయ్యి గట్టిగా నొక్కి, పెదవులు బిగించి నవ్వాపుకుంటూ, ఒక్క మాటైనా అనకుండా కూర్చుంది.