తీసినావా అని అడిగిన మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు తెచ్చిన మా చిన్నాన్న కొడుకు తాగి ఉన్నాడు. పొద్దున పదకొండు కూడా కాలేదు. "అత్త గుండె ఆగిపోయినాదంట" అని ఏడ్చి, కళ్లు తుడుచుకున్న చేత్తోనే జేబులోంచి క్వార్టర్ సీసా తీశాడు. "రెండు గుక్కలేసుకోప్పా, బాధ తెలీదు."

వద్దన్నాను. నేను మందు మాని ఆరేళ్లయింది. వాడికి తెలుసు. మా ఊరు కుందుర్పిలో అందరికీ తెలుసు. కానీ ఎవరికీ గుర్తుండదు. గుర్తుండేదల్లా నేను తాగిన రోజులే.

నాకు ఇరవై మూడేళ్లప్పుడు బెంగళూరులో మందు మానే వైద్యం చేయించుకుని ఊరికి తిరిగొచ్చాను. ఆస్పత్రిలో మానడం ఒక కష్టమా! సాయంత్రం గడప దాటగానే అమ్మ ఏదో అడిగే నెపంతో దగ్గరికొచ్చి నోటి వాసన చూసేది. శెనక్కాయల మూటలు అమ్మడానికి కళ్యాణదుర్గం నేను తీసుకెళ్తానంటే నాయన వినపడనట్టు ఉండేవాడు. ప్రేమగా పిలిచింది స్నేహితులు మాత్రమే, అదీ బెల్టుషాపు దగ్గరికి.

ఆ యేడే మా పక్క చేలో బోరు మోటారు వైరు ఎవరో కోసుకుపోయారు. నన్నెవరూ ఏమీ అనలేదు. నన్ను చూడగానే మాటలు ఆపేసేవారు, అంతే. వీధి చివర ఇంట్లో ఒంటరిగా ఉండే మేనత్త మాత్రం కేకేసి పిలిచింది.

"రేయ్, వైరు నువ్వు తీసినావా?"

"లేదత్తా."

"సరే. చెయ్యి కడుక్కో, సంగటి తిందువు."

నాకు ఒళ్లు మండింది. "అందరూ దొంగను చూసినట్టే చూస్తాండారు. దీనికంటే తాగేది మేలు!"

"పో, తాగు. వాళ్లనుకున్నట్టే చేసి వాళ్లనే గెలిపియ్యి." పళ్లెం నా ముందుకు తోసింది. "నీ మీద జాలిపడే ఓపిక నాకు లేదు. విత్తనాలకు కాయలు ఒలవాల. పోతావో, ఉండి ఒలుస్తావో చూడు."

ఉన్నాను. వేళ్లు బొబ్బలెక్కేదాకా ఒలిచాను. అత్త ఒక్క మెచ్చుకోలు మాటైనా అనలేదు. తర్వాత వైరు దొంగ దొరికాడు. అప్పుడూ నాతో ఎవరూ ఏమీ అనలేదు.

బెళుగుప్పలో ఒక పెళ్లికి వెళితే బంధువొకడు గ్లాసుతో వెంటపడ్డాడు. "ఒక్కటి తాగితే ఏమైతాదప్పా?"

మేనత్త మధ్యలోకొచ్చింది. "మళ్లా వాన్ని ఆస్పత్రికి నువ్వు మోస్తావా? వాంతులు నువ్వు ఎత్తిపోస్తావా?" అంతలోనే నా మీదికి తిరిగింది. "నువ్వూ ఏడుపు మొగంతో నిలబడాకు. వద్దంటే వద్దు అను. నోరు లేదా?"

ఊరంతటిలో నన్ను అడిగింది ఆమె ఒక్కతే. నేను చెప్పింది నమ్మిందీ ఆమె ఒక్కతే.

మట్టి చేసి అత్త ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. పొద్దున తానే ఉతికి గోడ మీద ఆరేసుకున్న చీర ఎప్పుడో ఎండి, బోరు నీళ్ల ఉప్పుకు బిరుసెక్కి ఉంది. వాకిట్లో అంతమందిమి ఉన్నాం, తీయాలని ఎవరికీ తోచలేదు. గాలి లేచినప్పుడల్లా దాని అంచు గోడకు తగిలి టపటపలాడుతోంది.