జెస్సికా సంచిలో నా పాతగుడ్డ

జెస్సికాకు ఏడో నెల నిండేదాకా నేను మంచిదాన్నే. ఆ తర్వాతే కుళ్లుమోతుదాన్నయ్యాను. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పే ధైర్యం లేదు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ముందు జెస్సికా ఎవరో చెప్పాలి. బోనకల్‌లో రైలు పట్టాల పని చేసిన జకర్యా గారి నాలుగో కూతురు. ఖమ్మంలో మిషన్ హాస్టల్లో ఆరో తరగతి నుంచి ఆమె మంచం, నా మంచం పక్కపక్కనే. చారులో ఉప్పు లేదని అందరం గొణుక్కుంటుంటే, గిన్నె తీసుకుపోయి వార్డెన్ బల్ల మీద పెట్టి "మీరొకసారి తాగి చూడండి మేడం" అన్న పిల్ల. బీఈడీ చేసింది గానీ సర్కారు కొలువు రెండుసార్లు చేతిదాకా వచ్చి తప్పిపోయింది. చండ్రుగొండలో జామాయిల్ కర్ర లారీ నడిపే షాలేమ్‌రాజు తాగడు, నోరెత్తడు అని వాళ్ల నాన్నకు చెప్పి సంబంధం కుదిర్చింది నేనే. అప్పటికి నేను ఇక్కడికి కాపురానికి వచ్చి మూడేళ్లు. నాది బట్టలు కుట్టే షాపు. వాళ్ల ఇల్లు రెండు సందుల అవతల. ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లలకు అక్షరాలు దిద్దించి, సాయంత్రం వచ్చి నా షాపులో స్టూలు మీద కూర్చునేది. కాజాలు కుట్టిపెట్టేది. నేను వద్దన్నా కుట్టేది, నేను మళ్లీ విప్పి కుట్టుకునేదాన్ని.

అట్లా పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో ఆమెకు కడుపు పండలేదు. "ఇంకా ఏం లేదా?" అని అడిగిన ఆడవాళ్లందరినీ నేను నోరు మూయించాను. మా లిఖిత సగం ఆమె చంకలోనే పెరిగింది. నిజం చెప్తున్నాను, ఆమెకు లేనిది నాకుందని లోపల ఒక మూల నాకు హాయిగానే ఉండేది. ఆమె ఏడ్చినప్పుడు నేనూ ఏడ్చాను. ఆ ఏడుపూ నిజమే.

ముప్పై ఏడో ఏట నెల తప్పింది. షాలేమ్‌రాజు కంటే ముందు నాకే చెప్పింది. నాలుగో నెల దాకా ఆ సంగతి మా ముగ్గురి మధ్యే ఉంది. స్కానింగులకు నేనే తీసుకుపోయాను, వాంతుల గిన్నె నేనే పట్టుకున్నాను. అంతా బాగుంది. అప్పుడు వచ్చింది పూలి.

పూలి అంగన్‌వాడీలో ఆయా. తండా నుంచి సైకిల్ మీద వస్తుంది. నలుగురు పిల్లల తల్లి. కడగొట్టు పిల్ల లాలికి ఐదేళ్లు, పలక విరగ్గొట్టకుండా ఒక్క వారం గడిపింది లేదు. డాక్టరు జెస్సికాకు ఎక్కువ తిరగొద్దని చెప్పింది కాబట్టి గుడ్డూ పాలూ ఇంటికే తెచ్చి ఇచ్చేది పూలి. మొదట గడప దగ్గర ఇచ్చిపోయేది. తర్వాత లోపలికి వచ్చి కూర్చునేది. ఎనిమిదో నెల వచ్చేసరికి మంచం మీద కాళ్ల దగ్గర తనకొక చోటే ఏర్పడింది.

ఆ నెలలో జెస్సికా చాలా అవస్థ పడింది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. రెండు ముద్దలు తింటే గుండెల్లో మంట. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, పక్కకు తిరిగితే నడుము పట్టేస్తుంది. నేను ముందువైపు గుండీలు పెట్టి రెండు నైటీలు కుట్టాను. జేబులు కూడా పెట్టాను, సెల్‌ఫోన్ వేసుకోవడానికి. ఉన్న జాకెట్లన్నిటికీ కుట్లు విప్పి వదులు చేశాను. అవన్నీ పట్టుకుని ఒక మధ్యాహ్నం పోతే, పూలి ఇప్పనూనె గోరువెచ్చగా చేసి ఆమె పిక్కలకు రాస్తోంది. జెస్సికా కళ్లు మూసుకుని నవ్వుతోంది. ఆ నవ్వు నాకు తెలుసు. హాస్టల్లో దుప్పటి కప్పుకుని నాతో నవ్విన నవ్వు.

"నైటీలు తెచ్చిన" అన్నాను.

"మస్తుగున్నయే మహీ. ఆడ పెట్టు" అంది కళ్లు తెరవకుండానే. వెంటనే పూలితో, "గీ పక్కన తన్నుతున్నది చూడు, తల కిందికే ఉన్నట్టా?" అని అడిగింది.

పూలి అరచేయి ఆనించి, "అవ్ టీచరక్కా, కిందికే ఉంది. పొద్దున కొంచెం నడువు, మంచిగ దిగుతది" అంది.

నేను ఇద్దరిని కన్నదాన్ని. ఆ మాట నన్ను అడగొచ్చు కదా? నాకు ఒళ్లు మండింది. ఇంటికి పోయి ఎవరిదో లంగా అంచు రెండుసార్లు తప్పు కుట్టాను. మా ఆయన డేవిడ్ "ఏందట్ల మొఖం గంటు పెట్టుకున్నవ్?" అంటే ఆయన మీద పడ్డాను. పూలి నవ్వినా తప్పే, పూలి రాకపోయినా తప్పే. ఒకరోజు ఆమె సైకిల్‌కు పంక్చర్ అయిందని వింటే నాకు ఆ పూట అన్నం సహించింది. ఇంతకు దిగజారానా అనుకున్నాను, అయినా రెండోసారి వడ్డించుకున్నాను.

అయితే ఇదంతా చిల్లర కుళ్లు. అసలుది తొమ్మిదో నెలలో వచ్చింది.

మా వైపు పుట్టబోయే బిడ్డకు ముందుగా కొత్తబట్టలు కొనరు. కులంతో, మతంతో పని లేదు, ఎవరూ కొనరు. దవాఖానాలో కొత్తవి ఇచ్చినా మొదట చుట్టేది పాతగుడ్డే. అది కూడా ఏదో ఒక పాతగుడ్డ కాదు. ఆరోగ్యంగా పెరుగుతున్న బిడ్డకు వాడిన మెత్తటి నూలుగుడ్డ, ఆ తల్లిని అడిగి తెచ్చుకుంటారు. ఇట్లాంటివి మనకు లేవని పాస్టరు గారు అంటారు. ఆయన మనవడు పుట్టినప్పుడు ఆయన భార్యే పక్కింటికి పోయి అడిగి తెచ్చుకుంది. ఇచ్చిన తల్లికి అదొక గౌరవం. బిడ్డ పెద్దయ్యాక కూడా "ఫలానా వాళ్ల గుడ్డలో పడ్డవ్ రా నువ్వు" అని చెప్తారు.

నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఎందుకో నాకు తెలుసు. లిఖిత కంటే ముందు నాకొక కొడుకు పుట్టాడు. ఎనిమిది రోజులు బతికాడు. పోయి పదిహేడేళ్లయింది. బిడ్డ పోయిన ఇంటి గుడ్డ ఎవరూ అడగరు. నేనూ ఎవరినీ తప్పు పట్టలేదు. కానీ జెస్సికా అడుగుతుందనుకున్నాను. లిఖిత పద్నాలుగేళ్ల పిల్ల, నా భుజం దాటింది, కబడ్డీ ఆడుతుంది. జెస్సికా కూడా అడగకపోతే ఇక ఈ భూమ్మీద నన్ను అడిగేవాళ్లు లేరు.

అడిగింది. పూలిని అడిగింది. నా ముందే.

"పూలీ, మీ లాలి పాతగుడ్డ ఏదన్న ఉంటే ఇస్తవా?"

"దాచిపెట్టిన టీచరక్కా. ఉతికి తెస్త."

నేను మూడు మూరల దూరంలో కూర్చుని ఆమె జాకెట్టుకే కుట్లు విప్పుతున్నాను. బ్లేడు వేలికి దిగింది.

"ఏమైందే మహీ?"

"ఏం కాలే" అన్నాను. జాకెట్టుకు రక్తం అంటకుండా వేలు నోట్లో పెట్టుకున్నాను. కళ్లలో నీళ్లు వస్తే బ్లేడు మీదికి నెట్టాను.

ఇంటికి పోయి పెట్టె తెరిచాను. మా అమ్మ అంతోనమ్మ నీలం అంచు తెల్లచీర ఒకటి కట్టికట్టి మెత్తబడితే, నా మొదటి కాన్పుకు దాన్ని రెండు ముక్కలు చేసి నేనే అంచులు కుట్టాను. ఒకటి బాబుకు వాడాం. మూడేళ్ల తర్వాత రెండోది లిఖితకు. బాబుది పాత దినపత్రికలో చుట్టి అడుగున, లిఖితది పైన ఉండేవి. రెండూ బయటికి తీశాను. రెండింటికీ కలరా ఉండల వాసన. పంతం పట్టిన చేతులకు ఆలోచన ఉండదు. రెండూ ఒకే బకెట్లో నానబెట్టాను, ఒకే తీగ మీద ఆరేశాను, ఇస్త్రీ చేసి మడత పెట్టాను. ఒకదాన్ని సంచిలో వేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం జెస్సికా స్నానానికి పోయింది. పూలి పెరట్లో నీళ్లు తోడుతోంది. దవాఖానాకు సర్దిన ఎర్రసంచి గోడకు ఉంది. కార్డులు, ఫ్లాస్కు, నేను కుట్టిన నైటీలు, అన్నిటికంటే పైన పూలి తెచ్చిన ఆకుపచ్చ గళ్ల గుడ్డ. దాన్ని తీసి రొంటిన దోపుకున్నాను. నాది పెట్టాను. బయటికి వచ్చి పూలిని చూసి నవ్వాను కూడా. ఆ రోజు నాకు కలిగిన సంతోషం లిఖిత పదోతరగతిలో ఫస్టు వచ్చినా కలగదు.

మంగళవారం పొద్దున పది గంటలకు ఉమ్మనీరు పోయింది. షాలేమ్‌రాజు లోడు వేసుకుని భద్రాచలం వైపు పోయాడు. 108 వస్తే పూలి, నేను ఇద్దరం ఎక్కాం. దారి పొడుగునా జెస్సికా పట్టుకున్నది పూలి చేతిని. నా చేతికి సంచి వచ్చింది. నొప్పులు పడుతున్న మనిషి ఎవరి చేయి పట్టుకుందో లెక్కపెట్టుకున్నది లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పెద్ద దవాఖానాలో రెండున్నరకు తలుపు సందులోంచి నర్సు తొంగిచూసింది. "జెస్సికా వాళ్లెవరు? బిడ్డ గుడ్డ తెండి, జల్దీ" అంది. నేను తీసి ఇచ్చాను.

పూలి చూసింది. "అక్కా, అది నాది గాదు."

"అవ్. నాది."

ఆమె ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే కొట్లాడి ఉండేదాన్ని. గోడకు ఆనుకుని కూర్చుంది, అంతే.

కాసేపటికి నర్సు బిడ్డను ఎత్తుకుని మా ముందు నుంచే గబగబా పోయింది. "ఆడపిల్ల. ఊపిరి జోరుగ తీస్తుంది. పిల్లల వార్డుల పెడుతున్నం, డాక్టర్ చూస్తరు" అంది. నాకు కనిపించింది నీలం అంచు మాత్రమే.

అప్పుడు పట్టుకుంది నన్ను. అది ఎవరి గుడ్డ? లిఖితదేనా? ఇద్దరివీ ఒకే చీర, ఒకే దారం, ఒకే చేతి కుట్టు. తీగ మీద నుంచి తీసినప్పుడు ఏది ఏదో నేను చూసుకోలేదు. మా బాబు కూడా ఊపిరి జోరుగా తీస్తూనే పోయాడు. నర్సు వెనక పరుగెత్తి ఆ గుడ్డ లాక్కుందామనిపించింది. తలుపు వేసేశారు. ప్రభువా, నా కుళ్లుకు నన్ను కొట్టు, ఆ పిల్లను కాదు అని ప్రార్థించాను. ఒకటే మాట, ఎన్నిసార్లో తెలియదు.

పూలికి మొత్తం చెప్పేశాను. గుడ్డ మార్చడం, రెండూ కలిపి ఉతకడం, బాబు సంగతి, అన్నీ. తిడితే బాగుండు. తిట్టలేదు.

"టీచరక్కకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది.

"నేనే చెప్త."

"అయితే జర చాయ్ తాగు. పొద్దున్నుంచి ఏం తినలే నువ్వు."

అప్పుడు కూడా నాకు కోపం వచ్చింది. అంత మంచిగా ఉండమని ఎవరు చెప్పారు ఆమెకు?

సాయంత్రం ఆరింటికి ఊపిరి కుదుటపడిందన్నారు. కొంతమంది పిల్లలకు పుట్టగానే అట్లా ఉంటుందట. మర్నాడు పొద్దున బిడ్డను తెచ్చి తల్లి పక్కన పడుకోబెట్టారు, ఒంటి మీద దవాఖానా వాళ్ల కొత్తచొక్కా. నా గుడ్డ ప్లాస్టిక్ కవర్లో మంచం కింద ఉంది. షాలేమ్‌రాజు మందులకు, పూలి జావకు పోయారు. నేను చెప్పాను. తల ఎత్తకుండా, ఏదీ దాచకుండా చెప్పాను.

జెస్సికా బిడ్డ ఒంటి మీది చొక్కా సవరించింది.

"పూలి గుడ్డ ఏం పాపం చేసిందే?" అంది. "ఆమె మొఖం నేనెట్ల చూడాలె?"

"నన్నెందుకు అడగలే మరి?" నా గొంతు లేచింది. "అందరి లెక్కనే నువ్వు గూడ. నా ఇంటి గుడ్డ పనికిరాదనుకున్నవ్."

"నువ్వు గట్ల అనుకున్నవా?" ఆమె లేవబోయి నొప్పికి ఆగిపోయింది. "నిన్నడిగితే నువ్వు ఆ పెట్టె తెరవాలె. బాబు గుడ్డ నీ చేతికి రావాలె. ఆ దినం నువ్వెట్ల ఏడ్చినవో నేను చూసిన. అది నా నోటితోని ఎట్ల అడుగుతనే?"

కవర్లోంచి గుడ్డ తీసి చేతిలో పెట్టుకున్నాను.

"ఇది లిఖితదో, వాడిదో నాకు తెల్వదు జెస్సీ. నిజంగనే తెల్వదు."

ఆమె చేయి చాచి గుడ్డ తీసుకుంది. మడత విప్పి, కొత్తచొక్కా మీద నుంచే బిడ్డకు చుట్టింది.

"ఏదైతే ఏందే" అంది. "నీ ఇద్దరు పిల్లలల్ల ఒకరిదే గద."

ఇద్దరు అంది. వాడు పోయిన ఈ పదిహేడేళ్లలో ఆ మాట మా అమ్మ అనలేదు, డేవిడ్ అనలేదు. ఎవరైనా పిల్లలెందరని అడిగితే నేనూ అనలేదు.