తంగేడు పూలు మాసిపోయిన ఏడాది

“ఈ గుడ్డ ఉతికినావా, మూటలోనుంచి తీసి అట్లే పరిచినావా?”

“పొద్దున్నే సబ్బేసి ఉతికినా అత్తా. తెల్లగానే ఉండాది.”

“తెల్లగా ఉంటే నాకు మట్టి రంగులో యాల కనపడతాది? పూలు కూడా వాడిపోయినవే తెచ్చినావు. దేవునికి పెట్టేది ఇట్లాంటివా?”

“ఇప్పుడు కోసినవి. చెయ్యి పెట్టి చూడు. నీకు ఏదీ నచ్చదు. ప్రార్థన కూడా చెప్పిందే చెప్తాండావు. ఈసారి కోతపండగ ప్రార్థన ఇంకెవరికన్నా ఇయ్యమని అందరూ పాస్టరయ్యగారిని అడుగుతాండారు.”

అది శనివారం సాయంత్రం. ఉరవకొండ దగ్గర మా ఊరి చర్చిలో, మరునాటి ఆరాధనకు బల్ల మీద గుడ్డ పరిచి, పూలు పెడుతూ నేనూ నా కోడలు ఎస్తేరూ పడిన గొడవ. కోపంతోనే చెయ్యి పెట్టి చూశాను. తంగేడు రేకులు మెత్తగా, చల్లగా ఉన్నాయి. వాడిన పూలు అలా ఉండవు. నా కంటికి మాత్రం దుమ్ము కొట్టుకుపోయినట్టే కనిపిస్తున్నాయి. నా చూపులోనే ఏదో తేడా ఉందని ఆ రోజే తెలిసింది.

కోతపండుగకు మా దగ్గర ప్రతి ఇంటివాళ్లూ పండినదాంట్లో మొదటిది తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆ రోజు మొదటి స్తుతి ప్రార్థన ఎన్నో ఏళ్లుగా నాదే. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. బైబిలు కూడబలుక్కుని చదువుతాను. ప్రార్థనకు మాటలు నాకు చేలో దొరికేవి. వాన మొహం చాటేసిన ఏడు కూడా గట్టు మీద తంగేడు పసుపు ముద్దలాగా పూస్తుంది. దానికి ఒక చెంబు నీళ్లు పోసినవాళ్లు లేరు. కొర్ర కంకి గింజ నిండేకొద్దీ తల వంచుతుంది. జింకలు ఎగిరితే వాటి కడుపుల తెలుపు మెరుస్తుంది. చూసింది చూసినట్టు దేవుని ముందు చెప్పేదాన్ని. వెనక ఆడవాళ్లు “ఔ, మేమూ చూసినాం” అని గొణిగేవాళ్లు. చూపు మసకబారాక చెప్పడానికి కొత్తదేమీ లేకుండా పోయింది. కోడలు అన్నది నిజం. అందుకే మండింది.

కొడుకు అనంతపురం ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు లైటు వేసి చూసి, “రెండు కండ్లకూ క్యాటరాక్ట్, అదే శుక్లం అవ్వా. బాగా ముదిరింది. ఆపరేషన్ చేసి లెన్స్ వెయ్యాల” అన్నాడు. రక్తపరీక్ష చేస్తే షుగర్ బయటపడింది. “అది కంట్రోల్‌కు రాకుంటే కంటిని ముట్టుకోం” అన్నాడు.

బెల్లం టీ మానేశాను. మాత్రలు మింగాను. ఈలోపల కోతపండుగ వచ్చేసింది. నా బదులు ఇంకొకామె ప్రార్థన చేసింది. చక్కగానే చేసింది. నేనూ ఆమెన్ అన్నాను, గట్టిగా కాదు.

వేసవి ముందు కుడి కంటికి ఆపరేషన్ అయింది. మరునాడు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి పంపించారు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక అద్దాలు పైకెత్తాను. ఎర్రనేల అంత ఎర్రగా ఉంటుందని మరిచిపోయానని అప్పుడు తెలిసింది. కొండ మీద ఒక్కో గుండురాయి అంచు విడివిడిగా కనిపించింది. పైరు లేదు, పచ్చిక లేదు. అయినా ఆ బీడు మీద ఆకాశం కొత్తగా పరిచినట్టుంది. గాలిమర రెక్కల మీద ఎండ తిరుగుతోంది. తండ్రీ, ఇంత పెట్టినావా మాకు అనుకున్నాను. నీళ్లు కారాయి. కొంగుతో తుడుచుకున్నాను.

రెండు రోజులకు కన్ను ఎర్రబడి సలపడం మొదలైంది. మళ్లీ ఆస్పత్రికి వెళ్లాం.

“ఇన్‌ఫెక్షన్. కొంగుతో తుడుచుకుంటివా అవ్వా?”

“ఉతికిన కొంగే నాయనా.”

“ఉతికినా సరే. కంటికి అది మురికే.”

గంటగంటకూ చుక్కల మందు. ఎస్తేరు పొలం పని మానుకుని వేసింది. కన్ను నిలుస్తుందో లేదో డాక్టరు కొన్నాళ్లు చెప్పలేదు. దేవుని దయవల్ల నిలిచింది. షుగర్ చూసుకుని, తర్వాత రెండో కంటికీ చేశారు.

ఇప్పుడు దారం నేనే సూదిలోకి ఎక్కిస్తున్నాను. నాలాంటివాళ్లకు చెప్పేది ఒక్కటే. ఇంట్లో గుడ్డలూ పూలూ అన్నీ మాసినట్టు కనిపిస్తే కోడలిని తిట్టకముందు కండ్లు చూపించుకోండి. చేయించుకున్నాక కొంగును కంటిదాకా రానివ్వకండి.

ఈ ఏడు ప్రార్థన మళ్లీ నాకిచ్చారు. పండుగ ముందురోజు సాయంత్రం బల్ల దగ్గర ఎస్తేరుతో అన్నాను, “ఏమ్మే, గుడ్డ ఎంత తెల్లగా ఉండాది. ఇట్ల ఉతకల్ల.”

“అది ఉతకలేదత్తా. పోయిన వారం పరిచిందే. కొళాయి రాలేదు.”

“ఉతకని గుడ్డ కోతపండక్కి పెడతావా?”

“తెల్లగా ఉండాదని నువ్వే అంటివి కదా.”

“అంటి. ఉతకలేదని ఇప్పుడు తెలిసింది కదా.”

“మాసిందని ఒకనాడు తిట్టు, తెల్లగుండాదని ఒకనాడు తిట్టు. నీ పాత కండ్లే మేలత్తా.”

మరునాడు తెలవారక ముందే గుడ్డను ఇంటికి తెచ్చి, బిందెలో మిగిలిన నీళ్లతో నేనే ఉతికాను. జాడించిన నీళ్లు చిక్కుడు పాదుకు పోశాను. గుడ్డను కంపకంచె మీద ఆరేశాను. గాలిమరల వెనకనుంచి పొద్దు పొడిచింది. గుడ్డ మొదట ఎర్రమట్టి రంగు తిరిగింది, తర్వాత పసుపు, ఆ తర్వాత తెలుపు. ఎస్తేరు గట్టు మీదనుంచి తంగేడు కొమ్మలు పట్టుకుని వచ్చి, నా పక్కన నిలబడి అదే చూసింది.

చర్చిలో అదే చెప్పి ప్రార్థన చేశాను. ఎస్తేరు ఆమెన్ గట్టిగానే వినపడింది.