హీన్‌మెణికే పెరట్లో గొయ్యి

హీన్‌మెణికే నోటికి జడిసి ఏనుగులు కూడా ఆ పెరటి వైపు రావని గల్కందేగమ ఊళ్ళో అంటారు గానీ, అదంతా ఒట్టి మాట. అనురాధపురం అడవి అంచున ఉన్న ఊరు, ఏనుగులు శుభ్రంగా వస్తాయి. మొన్న వానల్లో అత్తగారు ఉక్కుఅమ్మ పొద్దున్నే తుప్పల వెనక్కి వెళ్తే ఎదురుగా ఏనుగు నిలబడి ఉంది. వెనక్కి తిరగబోయి పడి, ముసలావిడ తుంటి విరగ్గొట్టుకుంది. ఆ రోజే కోడలు పంతం పట్టింది, పెరట్లో మరుగుదొడ్డి కట్టి తీరాలని.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ కోడలికి కొబ్బరి తురమడం కూడా రాదని ఊరంతా చాటిన అత్త ఈవిడే. అయితే ఏం? "నన్ను తిట్టడానికైనా ఆవిడ బతకాలి కదా!" అనేది హీన్‌మెణికే. ఎండనక వాననక కూలికి పోయి ఇటుకలు కూడబెట్టింది. మొగుడు పుంచిరాలని నిద్రపోనివ్వకుండా సతాయించి గొయ్యి తవ్వించింది.

నడుం లోతుకి దిగాక గడ్డపార ఖంగుమంది. మట్టి తుడిస్తే పెద్ద రాతిపలక! అంచుల్లో మేడలు, లతలు చెక్కి ఉన్నాయి. మధ్యలో ఒక రంధ్రం, దానికి అటూ ఇటూ రెండు అరిపాదాలు.

పుంచిరాల గోతిలోనే సాష్టాంగపడ్డాడు. "ఏమే! శ్రీపాదాలే! మన పెరట్లో బుద్ధ భగవానుడి పాదాలే!"

హీన్‌మెణికేకి ఒళ్ళంతా పులకరించింది. ఆ వెంటనే ప్రాణం ఉసూరుమంది కూడా. మరుగుదొడ్డి సంగతేమిటి?

గంటలో ఊరు ఊరంతా దిగింది. తామరపూలు, అగరొత్తులు, పాలన్నం, "సాధు! సాధు!" అంటూ ఒకటే కేకలు. పుంచిరాల ఆ రంధ్రం మీద కొబ్బరినూనె దీపం వెలిగించాడు. ఆడవాళ్ళు రాతిని తాకి కళ్ళకద్దుకున్నారు. నలుగురు కుర్చీతో సహా మోసుకొస్తే వచ్చిన ఉక్కుఅమ్మ కోడలి మీద విరుచుకుపడింది.

"ఇక్కడా నువ్వు దొడ్డి కట్టబోయింది? కళ్ళు పోతాయే! నాకేం అక్కర్లేదు, నేను తుప్పల్లోకే పోతాను."

ఆ మాటకి హీన్‌మెణికేకి ఏడుపొచ్చింది.

కబురందుకుని మర్నాడు పురావస్తు శాఖ నుంచి ఇందీవరి అనే ఆఫీసరమ్మ వచ్చింది. గోతిలోకి దిగి, పూలు పక్కకి నెట్టి చూసి, పెదవి కొరుక్కుంది.

"దీపం ఎవరు పెట్టారు?"

"నేనే మిస్!" పుంచిరాల ఛాతీ విరుచుకున్నాడు.

"తీసెయ్యండి. ఇవి శ్రీపాదాలు కావు, కాళ్ళు పెట్టుకునే చోట్లు. వెయ్యేళ్ళ కిందట ఇక్కడ బౌద్ధ విహారం ఉండేది. భిక్షువులు మూత్రానికి కూర్చున్న రాయి ఇది."

నిన్న కళ్ళకద్దుకున్న పక్కింటావిడ గబగబా మొహం తుడుచుకుంది. అంతే, ఉక్కుఅమ్మ పగలబడి నవ్వింది, తుంటి పట్టుకుని, "అమ్మో, అబ్బో" అంటూ. ఊరంతా అందుకుంది.

"నవ్వులకేం గానీ, ఇది చాలా అరుదైనది. పైవాళ్ళు వచ్చి చూసేదాకా ఇక్కడ గడ్డపార వెయ్యకూడదు. నెలలు పట్టొచ్చు" అంటూ ఇందీవరి గొయ్యి చుట్టూ తాడు కట్టించింది.

హీన్‌మెణికే నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాగుంది తల్లీ! వెయ్యేళ్ళ కిందట సన్యాసులకి చెక్కడాల దొడ్డి కావాల్సొచ్చింది. తుంటి విరిగిన ముసలిదానికి మాత్రం తుప్పలా?"

"నేనేం చెయ్యను అక్కా, చట్టం అది" అని ఆవిడ కొలతల్లో పడిపోయింది. మధ్యాహ్నం దాకా బొమ్మలు గీసింది. తర్వాత కాస్త ఇబ్బందిగా నిలబడి, హీన్‌మెణికే చెవి దగ్గరకొచ్చింది.

"అక్కా, మీ దొడ్డి ఎక్కడ?"

హీన్‌మెణికే ముందు తాడు కట్టిన గొయ్యి చూపించింది. తర్వాత తుప్పలు చూపించింది. "పదండి, నేను డబ్బా వాయిస్తూ ఇవతల నిలబడతాను. ఏనుగొస్తే అరవండి."

వెళ్ళక తప్పుతుందా? చీరంతా ముళ్ళతో తిరిగొచ్చిన ఇందీవరి ఆ ముళ్ళైనా ఏరుకోలేదు. తిన్నగా ఇంటికి రెండో పక్కకి నడిచి, అక్కడ మడమతో నేల గీసింది.

"రేపు మా మనుషుల్ని తెచ్చి నేనే ఇక్కడ తవ్వించి చూస్తాను. కింద ఏమీ లేకపోతే రేపే కట్టుకోండి. కాయితం నేను రాసిస్తాను."

ఆవిడ జీపు మలుపు తిరిగిందో లేదో, హీన్‌మెణికే ఇటుకలు అటు మొయ్యడం మొదలెట్టింది. "రేపటిదాకా ఆగవే!" అని పుంచిరాల గోలపెట్టాడు.

"నువ్వు ఆగరా!" కుర్చీలోంచి ఉక్కుఅమ్మ కసిరింది. "నేను ఆగలేను. మొయ్యవే తల్లీ, మొయ్యి!"