లింగమూర్తి వేడినీళ్ల గోలెం

గోదావరిఖనిలో వట్టి లింగమూర్తి అంటే ఎవరూ గుర్తుపట్టరు, పంపుల లింగమూర్తి అనాలి. బొగ్గుబాయిలో నీళ్లు తోడే పంపులకు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనా ఆ పేరు వదల్లేదు, పేరుతో పాటు వచ్చిన పొగరూ వదల్లేదు. వాడకట్టులో ఎవరింట్లో మోటారు ఆగినా పిలవకముందే పానా పట్టుకుని వెళ్తాడు. మోటారును బాగుచేసి, ఇంటివాళ్లను నాలుగు మాటలని వస్తాడు. తన ఇంట్లో మాత్రం ఇంకొకడి చెయ్యి పడనివ్వడు. ఫ్యాను తిరగకపోయినా, నల్లా కారినా ఆయనకు తీరిక దొరికేదాకా భార్య సమ్మవ్వ విసనకర్రతోనూ బకెట్టుతోనూ నెట్టుకు రావాల్సిందే.

సమ్మవ్వకు షుగరు. ముందు మోకాళ్లు పట్టేశాయి. తరువాత అరికాళ్లలో మంటలు పుట్టాయి. ఆ మంట ఎప్పుడు పోయిందో కూడా ఆమెకు తెలియకుండా పోయింది. ఒకరోజు కాలిలో మేకు దిగితే అలాగే కూరగాయల మార్కెట్టుకు పోయి వచ్చి, గడప మీద నెత్తురు చూసి ఇది ఎవరిదని అడిగింది.

“నా కాళ్లకు సోయి లేకుంట అయితున్నదయ్యా” అని మొగుడికి చెప్పుకుంది.

“కాళ్లకేందే, నీ తలకాయకే లేదు సోయి” అన్నాడు లింగమూర్తి.

ఆ మాట ఆయనకే తెగ నచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వించాడు. సమ్మవ్వ కూడా నవ్వింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన ఎకసెక్కాలకు నవ్వడం ఆమె చేసే డ్యూటీల్లో ఒకటి.

దవాఖానలో డాక్టరు చెప్పులు లేకుండా నడవొద్దన్నాడు, కాళ్లకు వేడినీళ్లు తగలనివ్వొద్దన్నాడు. ఆమె ఇంటికొచ్చి ఆ రెండూ చెప్పింది. లింగమూర్తి చేత్తో కొట్టిపారేశాడు. “ఆయన ఎన్నడన్న బాయిల దిగిండా? సర్వీసంత నా నడుము నిలబడ్డది దేనితోటి? నువ్వు కాగబెట్టి పోసిన నీళ్లతోని కాదా?” అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆయన ఏ షిఫ్టు దిగి వచ్చినా బొగ్గుల పొయ్యి మీద నీళ్లు మరుగుతూ ఉండేవి, ఆమె ఆయన వీపు తోముతూ ఉండేది. ఆ పుణ్యం ఆయనకు గుర్తుంది. అది గుర్తుండటమే ఆమె కొంప ముంచింది.

సమ్మవ్వకు కావలసింది ఒకటే. మాఘమాసంలో సమ్మక్క జాతర వస్తోంది. గోదావరి ఒడ్డున ఉన్న గద్దెల దాకా, నెత్తిన బెల్లం పెట్టుకుని ఇంటి నుంచి నడిచిపోతానని ఆమె మొక్కుకుంది. ఆ సమ్మక్క తల్లి పేరే తనకు పెట్టారు, ఏ జాతరా తప్పలేదు.

“ఆటోల పోదాం తీయ్” అన్నాడు లింగమూర్తి.

“నడిసొస్తనని మొక్కిన. ఆటోల పోతే అమ్మ ఒప్పుకోదు” అంది. ఆమె మొండిపట్టు పట్టింది ఆ ఒక్క విషయంలోనే.

అయితే కాళ్లను నేనే బాగుచేస్తానన్నాడు, మోటారును బాగుచేస్తానన్నట్టుగానే. పాత ఇనుప సామాన్ల దుకాణంలో, అరిగిపోయిన డంపర్ టైర్ల పక్కన, ఎవరో కాంట్రాక్టరు బంగళాలోంచి పీకేసిన వేడినీళ్ల టబ్బు బోర్లా పడి ఉంది. నలుగురు కూర్చోగలిగేంత పెద్దది. నీళ్లు తిప్పే పంపు, కాచే హీటరు, గోడల నిండా నీళ్లు చిమ్మే రంధ్రాలు, అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పనిచేయదు. ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చి పెరట్లో దింపాడు. గోడ అవతల ఉండే సదయ్య దాన్ని చూసి, “ఏంది బావా, బర్రెకు కుడితి గోలెమా?” అన్నాడు. ఆ రోజు నుంచి వాడకట్టంతటికీ అది లింగమూర్తి గోలెం.

ఆయన పని చూస్తే మాత్రం మెచ్చుకోవలసిందే. పగుళ్లకు ఎమ్‌సీల్ మెత్తాడు. పైపుల అతుకుల మధ్య బొగ్గు మోసే బెల్టు రబ్బరును గుండ్రంగా కోసి బిగించాడు, చుక్క కారలేదు. పంపు విప్పి, తుప్పు గీకి, కొత్త బేరింగు కొట్టాడు. హీటరులో కాలిపోయిన కాయిలు తీసేసి గీజరు కాయిలు పెట్టాడు. సమ్మవ్వ చాయ్ తెచ్చి పక్కన పెడుతూ, “జాతరకల్ల అయితదా?” అని మాత్రం అడిగేది. “జాతరకల్ల నువ్వు ఉరుకుతవ్” అనేవాడు.

ఒక ఆదివారం సదయ్యనూ, అతని భార్య మల్లక్కనూ పిలిచి గొప్పగా స్విచ్చు వేశాడు. పంపు తిరిగింది, రంధ్రాల్లోంచి బుడగలు లేచాయి. మల్లక్క ముక్కున వేలేసుకుంది. ఇంకాసేపటికి హీటరు పక్కనున్న, వేడి మించితే కరెంటు ఆపేసే కటాఫ్ టప్‌మని కొట్టేసింది. మళ్లీ వేశాడు, మళ్లీ కొట్టేసింది. నీళ్లు వెచ్చబడేలోపే ప్రతిసారీ అంతే.

“బావా, నీ గోలెం కూడ వాలంటరీ రిటైర్మెంటు తీసుకున్నట్టుంది. నీళ్లు ఎప్పుడు కాగాలె, చెల్లె జాతరకు ఎప్పుడు పోవాలె?” అన్నాడు సదయ్య. మల్లక్క కొంగు అడ్డం పెట్టుకుంది. సమ్మవ్వ కూడా నవ్వింది, అలవాటు కొద్దీ. లింగమూర్తికి సదయ్య నవ్వు కంటే ఆ నవ్వే ఎక్కువ కాలింది. “నీ కాళ్లకోసం సస్తుంటే నువ్వు ఇకిలిస్తవా?” అని అందరి ముందూ అరిచాడు. ఆమె మూతి ముడుచుకుని లోపలికి పోయింది.

అసలు రోగం పంపు నీళ్లు తిప్పే దారిలో ఉంది. లోపలి సన్నపైపుల నిండా సున్నం పేరుకుపోయి నీళ్లు సరిగ్గా తిరగడం లేదు. తిరగని నీళ్లు హీటరులోనే సలసలా మరుగుతున్నాయి, అందుకే కటాఫ్ కొట్టేస్తోంది. పంపుల లింగమూర్తి ఇంకొకరి ఇంట్లో అయితే ఆ సంగతి చప్పుడు విని చెప్పేవాడు. కానీ ఈ పంపుకు బేరింగు వేసింది తానే. తన చేతి పనిని ఎలా అనుమానిస్తాడు? తప్పంతా ఆ బటనంత కటాఫ్‌దే అన్నాడు.

బాయిలో దానికో పద్ధతి ఉండేది. వానాకాలం ఊట ఎక్కువై పంపు ఊరికే ట్రిప్పు కొట్టి ఆగిపోతుంటే, ట్రిప్పును తప్పించి వైరు డైరెక్టు కలిపేవారు. పంపు ఆగితే బాయి మునుగుతుంది. అది తప్పుడు పనేనని కలిపేవాళ్లకూ తెలుసు. అందుకే డైరెక్టు పెట్టినవాడు మోటారు ఒంటి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. చెయ్యి ఓర్చుకోలేనంత కాలితే ఆపేసేవాడు. తర్వాతి షిఫ్టువాడు వచ్చి అక్కడ చెయ్యి పెట్టేదాకా లేచేవాడు కాదు. లింగమూర్తి ఎన్నో షిఫ్టులు అలా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున కటాఫ్ పీకేసి డైరెక్టు కలిపాడు. స్విచ్చు బోర్డు గోడ వెనకాల ఉంది, తాను అక్కడ ఉండాలి. మరి చెయ్యి పెట్టేదెవరు? సమ్మవ్వను పిలిచి టబ్బు గట్టు మీద కూర్చోబెట్టి, హీటరు నీళ్లు వచ్చి పడే రంధ్రం ముందు ఆమె కాళ్లు రెండూ పెట్టించాడు.

“ఇగో, కాలినట్టు అనిపిస్తే చెప్పు, బంద్ చేస్త” అన్నాడు.

సమ్మవ్వ ఒక్కసారి ఆయన మొహంలోకి చూసింది. కాళ్లకు సోయి లేదని ఇంకోసారి చెప్పవచ్చు. చెబితే మళ్లీ తలకాయ మాట వస్తుంది, నిన్నటి అరుపు వస్తుంది. పైగా జాతర దగ్గర పడింది. “సరే” అంది.

“కాగినయా?” అని గోడ వెనక నుంచి అడిగాడు.

“ఇంక కాగలే.”

ఆయన వచ్చి, ఆ రంధ్రానికి దూరంగా ఇటు చివర చెయ్యి ముంచి చూశాడు. నిజమే, గోరువెచ్చన. మళ్లీ గోడ వెనక్కి పోయి రెండో కాయిలు కూడా వేశాడు.

“ఇప్పుడు?”

“లేదు. మంచిగనే ఉన్నయి” అంది సమ్మవ్వ. ఆయన చేసినది బాగుందని చెప్పడానికి కాస్త సంతోషంగానే అంది. లింగమూర్తి బీడీ ముట్టించాడు. వాడకట్టువాళ్లందరినీ ఎప్పుడు పిలవాలా అని ఆలోచించుకుంటున్నాడు.

పెరుగు గిన్నె ఇవ్వడానికి వచ్చిన మల్లక్క కేక విని పరుగెత్తాడు. “ఓ అన్నా, జల్ది రా! వదినె కాళ్లు సూడు!” సమ్మవ్వ చుట్టూ పొగలు లేస్తున్నాయి. ఆమె అలాగే కూర్చుని ఉంది, మల్లక్క ఎందుకు అరుస్తోందో తెలియక. లింగమూర్తి ఆమె కాళ్లు బయటికి లాగాడు. ఆయన చేతులు కూడా బొబ్బలెక్కాయి. ఆమె పాదాల చర్మం నీళ్లలోనే ఉండిపోయింది.

“ఏమైందయ్యా?” అంది ఆమె.

దవాఖానలో ఎడమకాలును ఎలాగో నిలబెట్టారు. కుడికాలు పుండు మానలేదు, నలుపు పైకి పాకింది. మోకాలి కింద తీసేశారు. జాతర వచ్చింది, పోయింది. సదయ్య వాళ్లు తెచ్చిన బెల్లం ప్రసాదం ఆమె నోట్లో పెట్టుకోలేదు. షుగరు అని అందరూ అనుకున్నారు.

ఇంటికి తెచ్చాక లింగమూర్తి ఆమె పక్కనే కూర్చునేవాడు. అరవడం మానేశాడు. ఎకసెక్కాలూ మానేశాడు. ఆమెకు నవ్వే పని తప్పింది. ఒక మధ్యాహ్నం సమ్మవ్వ ఉన్నట్టుండి మంచం పట్టె పట్టుకుని మూలిగింది.

“కాలుతున్నదయ్యా. పాదం కాలుతున్నది.”

ఆయన ఆదరాబాదరాగా ఎడమకాలు మీద చెయ్యి వేశాడు.

“అది కాదు. ఇది” అని ఆమె దుప్పటి మీద కుడివైపు చూపించింది. అక్కడ మోకాలి తరువాత దుప్పటి చదునుగా పరుచుకుని ఉంది. “వేళ్లు కాలుతున్నయి. మడమ కాలుతున్నది. ఓర్సుకోలేకపోతున్న. సల్లనీళ్లు పొయ్యరాదు!”

లింగమూర్తి పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చాడు. తెచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఎక్కడ పోయాలో ఆయనకు తెలియలేదు.

“జల్ది పొయ్యి, కాలుతున్నది” అంటోంది సమ్మవ్వ.