భుజం మీది బట్ట

సమ్మయ్యకు అరవై దాటాక సూపర్‌హీరో వేషం పడింది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. తప్పంతా జగిత్యాలలో జిమ్ముకు పోయి కండలు పెంచిన ఒక పిల్లగాడిది. షూటింగ్ రోజు పొద్దున్నే బస్సెక్కుతానని మాటిచ్చినవాడు, తీరా పొద్దెక్కాక ఫోన్ చేసి, "మా ఇంట్ల ఒద్దంటున్నరు" అని పెట్టేశాడు. ఎందుకొద్దంటున్నారో చెప్పలేదు. సమ్మయ్య కూతురు కృపారాణికి చెప్పాల్సిన పని కూడా లేదు. ముందురోజే వాడు మాటల్లో మాటగా "ఊర్లె మీది ఏ వాడ?" అని అడిగాడు, ఆమె దాచకుండా చెప్పింది. అంతే కథ!

కృపారాణి కోరుట్లలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ సూపర్‌హీరో సినిమాల పిచ్చి. ఇంటికొస్తే చాలు, రైస్‌మిల్లులో బస్తాలు మోసి మోసి నడుం వాల్చబోయే తండ్రిని లేపి పక్కన కూర్చోబెట్టుకొని, ఫోన్లో సినిమా పెట్టి, ప్రతి సీనూ విడమరిచి చెప్పేది.

"సూడు బాపు, గీళ్లు పుట్టుకతోనే ఏరే తీరుగున్నరు. గందుకే ఊరోళ్లకు బుగులు. దగ్గరికి రానియ్యరు, ఊరవతల ఉండుమంటరు. గీళ్లేమో పేరు దాసుకొని, మొఖం దాసుకొని బతుకుతరు. మల్ల ఆపదొస్తె గీళ్లే ఉరకాలె."

"ఓసి నీ! గిది మన ముచ్చటనే గదనే," అని సమ్మయ్య నిద్రమత్తు వదిలించుకొని లేచి కూర్చునేవాడు. "ఎవలింట్ల పిల్లలు బిడ్డా ఆళ్లు? మనోళ్లేనా?"

"గదే నా పంచాయితి. కథ మనది, మొఖం ఆళ్లది. ఒక్కనికన్న మన రంగున్నదా? మన తెలుగు సిన్మల సూడు. మనోడు తన్నులు తినాలె, హీరోకు కోపం రావాలె. గంతే మన పని. మనోడే అచ్చి కాపాడితె ఏమన్న తప్పా?"

తప్పేం కాదనిపించింది కాబట్టే ఆమె తనే ఒక చిన్న సినిమా రాసుకుంది. అందులో హీరో గాలిలో ఎగరడు, గోడలు బద్దలు కొట్టడు. ఆయన దగ్గర ఒక నీలం బట్ట ఉంటుంది. అది భుజం మీద వేసుకొని నడిస్తే ఆయన్ని ఎవ్వడూ ఆపలేడు. అదొక్కటే ఆయన శక్తి. బట్టను సిరిసిల్ల వెళ్లి కృపారాణే ఏరి తెచ్చింది, తల్లి ముత్తమ్మ అంచు కుట్టింది. కెమెరా పట్టేది శ్రవణ్. గౌడుల పిల్లగాడు, కృపారాణితో కలిసి చదువుకున్నాడు.

ఇప్పుడు బట్ట ఉంది, కెమెరా ఉంది, హీరో లేడు. కృపారాణి అటూ ఇటూ చూసి, బస్తాలు మోసి గుంజల్లా తేలిన తండ్రి భుజాల దగ్గర ఆగింది.

"బాపు, నువ్వేసుకో."

"సిగ్గుండాలె! ముసలోన్ని, పదిమందిల నవ్వులపాలు జేస్తవా?"

"ఏసుకోవయ్యా," అంది ముత్తమ్మ, నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంటూ. "పెండ్లినాడు గుడ గింత మంచి బట్ట నీ మీద పడలే."

పెళ్లాం, బిడ్డ ఒక్కటయ్యాక ఏ మగవాడు నెగ్గాడు గనక! సమ్మయ్య మీసం దువ్వుకొని నీలం బట్ట భుజాన వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే లోలోపల సంబరంగానే ఉంది.

పని కూడా పెద్దదేం కాదు. వాడ మలుపు నుంచి బయలుదేరి, పెద్ద బజారు వెంబడి, గడి ముందునుంచి పంచాయతీ ఆఫీసు దాకా నడవాలి. గడి అంటే దొరల పాత కోట. దొరలు ఎన్నడో హైదరాబాద్ చేరుకున్నారు. గేటుకు తుప్పు పట్టిన తాళం, గోడల నిండా పావురాలు. లోపల నరమానవుడు లేడు.

సమ్మయ్య నడిచాడు. ఏం నడక! చూడ్డానికొచ్చిన జనం ఈలలేశారు. తీరా గడి గేటు దగ్గరికి వచ్చేసరికి, ఆయన చెయ్యి లేచి భుజం మీది బట్టను సర్రున గుంజి చంకలో పెట్టుకుంది. నడుం కొంచెం వంగింది. గేటు దాటగానే బట్ట మళ్లీ భుజం మీదికెక్కింది.

"కట్! మామా, బట్టెందుకు తీసినవే?" అన్నాడు శ్రవణ్.

"నేనా? నేనేడ తీసిన్రా?"

శ్రవణ్ కెమెరాలో చూపించాడు. సమ్మయ్య చూశాడు, తలకొట్టేసినట్టయింది. ఆ తెరమీద వంగి పోతున్నది తను కాదు, అచ్చం తన తండ్రే.

మళ్లీ తీశారు. మళ్లీ అదే. ఈసారి గట్టిగా అనుకొని మరీ నడిచాడు. అయినా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. శ్రవణ్ పిన్నులు పెట్టి బట్టను అంగీకి బిగించాడు. చెయ్యి గుంజితే బట్టతోపాటు అంగీ కూడా పైకి లేచింది. జనం కడుపుబ్బ నవ్వారు. సమ్మయ్య నవ్వలేదు. పక్కనున్న అరుగుమీద చతికిలబడ్డాడు.

"బాపు, ఏమైందే?" అని కృపారాణి పక్కన కూర్చుంది.

ఆయన గేటుకేసి చెయ్యి చూపాడు. "నేను చిన్నగున్నప్పుడు గీ గడిల ఆవులు కాసుకుంట జీతమున్న బిడ్డా. గీడికెల్లి పోతె మనోళ్లు భుజం మీది తువ్వాల తీసి చంకల వెట్టుకోవాలె. ఒకనాడు మా బాపు జరమొచ్చి వణుక్కుంట పోతున్నడు. తీసుడు మర్సిండు. గా తువ్వాలనే మెడకు సుట్టి, గేటు ముంగట ఎండల నిలవెట్టిన్రు. నేను ఆవులను తోలుకొచ్చి సూసిన. దగ్గరికి పోతె నన్ను గుడ కొడ్తరని పోలే. ఇంటికచ్చినంక మా బాపు ఏడ్వలే. నాకు నేర్పిండు. గడి కనవడంగనే చెయ్యి పోవాలె కొడుకా, మనసును అడుగొద్దన్నడు. మా బాపు నాకు నేర్పిన మొదటి పని గదే."

కృపారాణి కళ్ల నీళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లు ఆ బజారులోనే నడిచింది, తండ్రి చేతిని ఎన్నడూ చూడలేదు. భుజం మీది బట్టను హీరో శక్తిగా రాసినప్పుడు కూడా దాని వెనక ఇంత ఉందని ఆమెకు తెలియదు.

"ఇడిసిపెడదాం బాపు. బడి రోడ్డుకు తీసుకుందాం. సిన్మకు గడే ఉండాలనేం లేదు."

"అవ్ మామా, మా తాత గుడ గీ గేటు కాడ గట్లనే వంగెటోడట. ఇడిసిపెట్టు," అన్నాడు శ్రవణ్.

సమ్మయ్య తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. సినిమా ఎక్కడైనా తీయొచ్చు. కానీ ఇయ్యాల ఇక్కడినుంచి మళ్లిపోతే ఈ చెయ్యి ఇట్లనే తనతోపాటు కాటికి వస్తుంది. ఒళ్లు మండిపోయింది ఆయనకు. తాళం వేసిన ఇంటికి, పావురాలకు దండం పెడుతున్నాడా తను?

"గీ చెయ్యి ఎవనిదిరా? నాదా, దొరదా?" అని దిగ్గున లేచాడు. "పిన్నులు పీకెయ్. కెమెరా పట్టు."

ఈసారి జనం ఈలలేయలేదు. ఆయన మలుపు నుంచి బయలుదేరాడు. గేటు దగ్గరయింది. చెయ్యి లేవకుండా ఆపాలని చూడలేదు ఆయన. ఆపితే ఆగదని తెలిసిపోయింది. చెయ్యి లేచింది. భుజం మీది బట్టను పట్టుకుంది. కానీ ఆ చెయ్యి బట్టను కిందికి గుంజలేదు. పైకి లాగి, మడత విప్పి, రెండు భుజాల నిండా పరిచి, సర్దింది. సమ్మయ్య గేటుకేసి నిండుగా చూసి, ఛాతీ విరుచుకొని ముందుకు నడిచాడు.

"ఓకే! మామా, సూపర్!" అని శ్రవణ్ గంతేశాడు. బజారు బజారంతా చప్పట్లతో దద్దరిల్లింది. కృపారాణి ఉరికొచ్చి తండ్రిని అలాయిబలాయి తీసుకుంది.

ఆయన మాత్రం బిడ్డను మెల్లగా విడిపించుకొని మళ్లీ వెనక్కి, మలుపు దిక్కు నడిచాడు.

"బాపు, టేక్ అయిపోయిందే!"

"నీదయింది బిడ్డా. నాది కాలే. మా బాపు పేరు మీద ఒకపారి నడువాలె."

గోడ పక్కన నిలబడి ఇదంతా చూస్తున్న ముత్తమ్మ అప్పుడు తన కాళ్ల వంక చూసుకుంది. ఉత్తకాళ్లు. కొత్తకోడలిగా ఈ బజారులో మొదటిసారి నడిచిన రోజు అత్త ఆమె చెప్పులు విప్పించి చేతికిచ్చింది, గడి దాటేదాకా తొడుక్కోవద్దని. ఆ అత్త పోయి ఎన్ని వానాకాలాలైందో! ముత్తమ్మ మాత్రం ఈరోజుకీ మలుపు దగ్గర చెప్పులు విడిచే వస్తుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడగలేదు.

"ఏమయ్యా, జర ఆగు!" అని కేకేసింది. "నా చెప్పులు మలుపుల ఉన్నయి. ఏసుకొని నేను గుడ అస్త."

ఇద్దరూ పక్కపక్కన, బజారు నట్టనడుమ నడిచారు. కృపారాణి సినిమాలో ఆఖరి సీన్ అదే. పాట పెడదామని శ్రవణ్ ఎంత పోరినా ఆమె పెట్టనివ్వలేదు. అక్కడ వినిపించేదల్లా ముత్తమ్మ చెప్పుల టపటప ఒక్కటే.